కావలివాడి కొలతలు

ఇందుకూరుపేట,
19 జనవరి 2025

మేనకోడలు మెర్లిన్‌కు, ఇంకా ప్రాణంతోనూ గొంతుతోనూ ఉన్న నీ మామయ్య హెబ్రోను వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఫోనులో పూటకో మాట చెబుతున్నానని, అందుకే అంతా కాగితం మీద పెట్టమని ఆజ్ఞాపించావు. మంచిది. ఫోనులో అయితే నువ్వు మధ్యలో "సరే మామయ్యా" అని కట్ చేస్తావు. ఉత్తరాన్ని కట్ చేయలేవు. నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఆ తెర మీద చదివితే నాకు కళ్ళు మండుతాయి.

నేను చేసిన కావలివాడి గురించి నీ కాలేజీ తరఫున ఏదో పెద్ద పత్రికలో వ్యాసం వేస్తావట. అది చదివి, నన్నూ ఈ ఊరినీ ఎన్నడూ చూడనివాడు కూడా అలాంటిది తన చేత్తో చేసుకోగలగాలట. "అలా రాయడం మీకు చేతనవునా?" అని ఎంతో వినయంగా అడిగావు. అమ్మా, నోవహుకు ఓడ చేయమన్నప్పుడు పొడవెంత, వెడల్పెంత, ఏ చెక్క వాడాలి, లోపలా బయటా ఏం పూయాలి, అన్నీ చెప్పారు. అప్పటికి అంత ఓడ చూసినవాడు భూమ్మీద లేడు. తేలిందా లేదా? ఈ పద్ధతిని తిరుచ్చిలో మీరిప్పుడు కనిపెట్టారా?

సరే, రాసుకో. వారమంతా మోటార్లకు వైండింగ్ కట్టి, ఆదివారం వాక్యం చెప్పేవాడి మాట ఇది. రొయ్యల గుంటల నీళ్ళు మురుగు కాలువలో కలుస్తాయి. చివరి ఆయకట్టు రైతులకు ఆ కాలువే గతి. ఉప్పునీళ్ళు నారుమడిలో పడితే నారు మాడిపోతుంది. అందుకని కాలువ నీళ్ళు మడిలోకి తిప్పే మడవ దగ్గర గుంజకు కావలివాడిని కట్టి, వాడి కడ్డీలు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంచుతాం. మంచినీళ్ళయితే పచ్చలైటు, ఉప్పయితే ఎర్రలైటు. పచ్చలైటు చూశాకే రైతు మడవ తీస్తాడు. ఇప్పటికి ఇరవై మూడు చేసిచ్చాను. ఒక్కటి అబద్ధం చెప్పలేదు. నా తర్వాత కూడా ఎవరో ఒకరు ఇవి చేస్తూ ఉండాలన్నదే నా కోరిక. లేకపోతే నీ పత్రికతో నాకేం పని?

చేసే విధం. రెండు సైకిల్ స్పోకులు, జానెడు పైపు ముక్క, రెండు ట్యూబుల జిగురు, నువ్వు బొమ్మ గీసుకుని వెళ్ళిన ఆ సర్క్యూట్ బోర్డు. స్పోకుల మధ్య బొటనవేలు పట్టేంత ఎడం. చెంబెడు వాననీళ్ళలో మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు కలిపి, కడ్డీలు ముంచాలి. అప్పుడు నేను కట్టిన పాట ఆరు చరణాలూ తొందర లేకుండా పాడాలి. ఆమేన్ అన్నాక, బోర్డు మీది చిన్న మరను ఎర్రలైటు వెలిగేదాకా తిప్పి వదిలేయాలి. అంతే.

నువ్వు పంపిన ఫారం కూడా నింపాను. సంస్థ పేరు దగ్గర "క్రీస్తు దాసుడు, మైపాడు రోడ్డు" అని రాశాను. ఎవరితోనైనా విరుద్ధ ప్రయోజనాలు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. సంఘపెద్ద బెన్హర్‌తో. మూడు పేజీలు జతచేశాను, ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

కోపం లేకుండానే ముగిస్తున్న
నీ మామయ్య హెబ్రోను


తిరుచ్చి,
3 ఫిబ్రవరి 2025

మామయ్యకు వందనాలు.

ఉత్తరం చదివాను. మీ గొంతు గురించి బెంగ తీరింది.

ముందు బెన్హర్ గారి సంగతి. ఈ పరికరం వల్ల మనకు చాటున లాభమేమైనా వస్తుందా అని వాళ్ళు అడిగింది. సంఘం మైకు సెట్టు ఆయన తన ఇంట్లో పెట్టుకున్న వృత్తాంతం మూడు పేజీలూ నేను ఆసక్తిగా చదివాను. పత్రిక వాళ్ళకు అంత అదృష్టం లేదు. "ఏమీ లేవు" అని రాసేశాను.

ఇక నోవహు. ఆయనకు కొలతలు మూరల్లో ఇచ్చారు, "నీ బొటనవేలంత" అనలేదు. నా పక్క బల్ల దగ్గర ప్రత్యూష అనే అమ్మాయి పనిచేస్తుంది. కావలివాడిని ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకే ఆమెకు కాగితం మాత్రమే ఇచ్చి చేయిస్తాను. మీ మూడు వేళ్ళ ఉప్పుకీ ఆ పిల్ల మూడు వేళ్ళ ఉప్పుకీ పోలికేమిటి? గ్రాముల్లో, మిల్లీమీటర్లలో పంపండి. ఇలాంటి పత్రికలకు అదే ధర్మశాస్త్రం. వస్తువు ఎంత గొప్పదన్నది తర్వాత. పరాయివాడు కాగితం చూసి అచ్చంగా చేయలేకపోతే వ్యాసం చెత్తబుట్టలోకే.

ఇద్దరు పరీక్షకులు చదువుతారు. వాళ్ళ పేర్లు మనకు చెప్పరు. అచ్చుకు రుసుము ఉంది, అది కాలేజీ కడుతుంది. లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టండి. పెడితే ఎవరైనా దీన్ని చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాకపోతే మీ పేరు చెప్పాలి. వ్యాసం ఇంగ్లీషులో నేనే రాశాను. పరికరానికి సంబంధం లేని మాటలు తీసేశాను.

మీ మెర్లిన్


ఇందుకూరుపేట,
20 ఫిబ్రవరి 2025

గ్రాముల మేనకోడలికి,

పెంచలకృష్ణ బంగారు కొట్టుకు పోయి నా మూడు వేళ్ళ ఉప్పు తూయించాను. అతను త్రాసులో ఉప్పు చూసి, "ఏంది పాస్టరయ్యా, ఇది హాల్‌మార్కుదేనా?" అన్నాడు. కొట్లో ఉన్న పెళ్ళివాళ్ళంతా నవ్వినారు. నేను పాస్టరును కాను, వట్టి బోధకుణ్ణి అని చెప్పినా ఎవరూ వినలేదు. రెండు గ్రాములు. రాసుకో. చెంబు పట్టేది సరిగ్గా లీటరు. బొటనవేలు పద్దెనిమిది మిల్లీమీటర్లు. ఇంకేం కొలవాలి? నా సహనం కొలుస్తావా?

పేరు చెప్పని పరీక్షకులా! నీకొదేము చీకట్లో ప్రభువు దగ్గరికి వచ్చాడంటే నేర్చుకోవడానికి వచ్చాడు. వీళ్ళు చీకట్లో కూర్చుని తీర్పు చెప్పడానికి వస్తున్నారన్నమాట. ఉచితంగా పుచ్చుకున్నది ఉచితంగా ఇవ్వమన్నారు సరే, ఇవ్వడానికి రుసుము కట్టాలని ఏ లేఖనంలోనూ చదవలేదు. మీ కాలేజీ ధర్మాత్ములు కడుతున్నారు గనక నోరు మూసుకున్నాను.

సంతకం పెట్టాను. ఎవడైనా అమ్ముకోనీ. బెన్హర్ అయినా సరే. (ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.)

తీసేసిన మాటలు ఏవి? మైకు సంగతేనా? దాని గురించి అడగను. వ్యాసంలో మొదట దేవునికి వందనం చెప్పావని నమ్ముతూ,

హెబ్రోను


తిరుచ్చి,
12 మార్చి 2025

మామయ్యకు,

ప్రత్యూష మూడు కావలివాళ్ళను చేసింది. గ్రాముల ప్రకారం, మిల్లీమీటర్ల ప్రకారం చేసింది. మూడూ ఉప్పునీళ్ళలో పచ్చలైటు వేసుకుని హాయిగా కూర్చున్నాయి. సముద్రపు నీళ్ళు పోస్తే తప్ప ఎర్రలైటు రాలేదు. నేను కూడా ఒకటి చేశాను, అదీ అంతే. మీరు చేసి ఇచ్చినది మాత్రం పక్కనే ఎర్రగా వెలుగుతోంది.

మీరు ఏదో దాచారు. నాలుగేళ్ళ క్రితం మిమ్మల్ని అడిగితే "చేసి చూపించేవాడు ఉండాలమ్మా" అన్నారు గుర్తుందా? ఊళ్ళో ఎవరికి కావాలన్నా మీ గుమ్మమే ఎక్కాలి. ఆ కిటుకు పోతే మీ గుమ్మం ఎవరు ఎక్కుతారని భయమైతే ఆ మాట చెప్పండి, వ్యాసం ఆపేస్తాను. నిజాయితీగా ఆగిపోతే పరువు దక్కుతుంది.

మెర్లిన్


ఇందుకూరుపేట,
23 మార్చి 2025

నన్ను అననీయను చేసిన మెర్లిన్‌కు,

పొలం అమ్మి సొమ్ములో కొంత దాచుకున్నవాడు అపొస్తలుల పాదాల దగ్గర పడి చచ్చాడు. నేను ఇంకా బతికే ఉన్నాను, పొద్దున రెండు దోసెలు కూడా తిన్నాను. కాబట్టి ఏమీ దాచలేదని లేఖనానుసారంగా రుజువైంది.

పెళ్ళివాళ్ళ ముందు ఉప్పు తూయించుకుని నవ్వులపాలయ్యాను. ఇంట్లో ఉన్న చెంబునీ కొలిచాను, వేలునీ కొలిచాను. ఇంత చేసినవాడు ఏం దాచుకుంటాడు? ఆ ప్రత్యూష మీ పరీక్షకుల మనిషి కాదుగదా? చేతకాని చేతులకు కాగితం ఇచ్చి, కాగితం మీద నేరం మోపుతున్నావు.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ పిల్ల పాట పాడిందా? ఆరు చరణాలూ పాడిందా? ఇరవై మూడింటిలో ఒక్కదాన్ని కూడా నేను పాట లేకుండా కట్టలేదు. యెరికో గోడ కూలాలని దాని చుట్టూ ఏడు రోజులు నడిచినప్పుడు కూడా మీలాంటి ఇంజనీరు ఒకడుండి "ఊరికే తిరగడం దేనికి, బూర ఊదితే చాలదా" అనే ఉంటాడు. నీ వ్యాసంలో దేవుడికి చోటు లేదు, అందుకే నీ కావలివాళ్ళకు కళ్ళు లేవు. పోయిన ఆదివారం సంఘంలో ఈ మాటే ప్రసంగించాను. పేరు చెప్పలేదు. "తిరుచ్చిలో ఒక మేనకోడలు" అన్నాను, అంతే.

హెబ్రోను


తిరుచ్చి,
2 ఏప్రిల్ 2025

మామయ్యకు,

పాడలేదు. నేనే తీసేశాను. పరికరాల పత్రికలో కీర్తనకు గడి లేదు. ప్రత్యూష పాడితే లైటు కాదు, ల్యాబులో అలారం మోగుతుంది.

ప్రసంగంలో నన్ను వాడుకున్నందుకు సంతోషం. కావలివాడికి వైరు కావాలి, విశ్వాసం కాదు. వ్యాసం ఆపేశాను.

మెర్లిన్


ఇందుకూరుపేట,
27 ఏప్రిల్ 2025

మెర్లిన్‌కు,

ఈ ఉత్తరంలో ఎక్కడైనా నేను గొంతు పెంచినట్టు కనిపిస్తే అది అలవాటు, క్షమించు.

చివరి ఆయకట్టులో మాలకొండమ్మ ఉంది, నీకు తెలుసు. మూడెకరాల మనిషి. ఎడగారు పంటకు నారు పోసుకుంటూ, "పాస్టరయ్యా, నీ దేవుడు నాకు తెలవదు గానీ నీ లైటు తెలుసు, నాకూ ఒకటి కట్టియ్యి" అన్నది. ఉజ్జీవ సభలు అయిన మర్నాడు. మూడు రోజులు కేకలేసి నా గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రావడంలేదు. ఆమె తొందరపడుతోంది. కడ్డీలు ముంచాను, పాట పాడలేక కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం మనసులో ప్రార్థించుకున్నాను. మర తిప్పి ఇచ్చేశాను.

పచ్చలైటు వెలిగింది. ఆమె మడవ తీసింది. మూడో రోజుకు నారు కొసలు తెల్లబడ్డాయి, వారానికి మడి మొత్తం చాపలా ఎండిపోయింది. పన్నెండు సెంట్ల నారు. నేను పోయి కాలువ నీళ్ళు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. పైన పచ్చలైటు వెలుగుతూనే ఉంది, అది నన్ను చూసి సిగ్గు పడలేదు.

మాలకొండమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ లైటు మాట ఇని నా నాలిక మాట ఇనకపోతిని" అన్నది, అంతే.

మొదట నాకు తోచింది ఏమిటో చెబుతాను, దాచను. పాట పాడలేదు గనక దేవుడు శిక్షించాడనుకున్నాను. అనుకుంటే ఎంత సుఖంగా ఉందో! నా సిద్ధాంతం గెలిచింది, నిన్ను ఓడించాను. తర్వాత ఆ ఎండిన మడి గట్టు మీద కూర్చుని ఆలోచించాను. నా గొంతు బొంగురు పోయిందని దేవుడు మాలకొండమ్మ నారును మాడుస్తాడా? అలాంటివాణ్ణి గురించా నేను ముప్పై ఏళ్ళుగా ప్రసంగించింది?

పాటలో ఏదో ఉంది. అది ఏమిటో నాకు తెలియదు. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. నేను అడుగుతున్నాను.

హెబ్రోను


తిరుచ్చి,
4 మే 2025

ప్రియమైన మామయ్యకు,

మీ ఉత్తరం రాగానే ల్యాబుకు పోయాను. మీరు ఇచ్చిన బోర్డుకు మీటరు తగిలించి, కడ్డీలు ఉప్పునీళ్ళలో ముంచి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. పాట పాడలేదు, వట్టిగా కూర్చున్నాను.

నీళ్ళలో ఉప్పు ఎంత ఎక్కువైతే మీటరు ముల్లు అంత పైకి లేస్తుంది. ముంచగానే అది పైకి ఎగిరింది. తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టింది. పది నిమిషాలు దాటాక ఒకచోట నిలబడి ఇక కదల్లేదు. కరెంటు ఒకే దిక్కుకు పోతుంటే కడ్డీల మీద సన్నని పొర పేరుకుంటుంది, అది పేరుకునేదాకా లెక్క నిలవదు. ముల్లు ఎగిరి ఉన్నప్పుడే మర తిప్పితే కావలివాడు ఆ ఎత్తునే ఉప్పుకు హద్దు అనుకుంటాడు. కాలువలో కడ్డీలు ఎప్పుడూ నానుతూ ఉంటాయి, అక్కడ ముల్లు ఆ ఎత్తుకు ఎప్పటికీ రాదు. అందుకే ఉప్పులోనూ పచ్చలైటు. మీ లైటు పెట్టెకు ముల్లు లేదు గనక ఇదంతా మీకూ కనిపించలేదు, మాకూ కనిపించలేదు.

మీ పాట అంటే అంతసేపు ఆగడం. ఆ ఆగడాన్ని సంబంధం లేని మాట అని కొట్టేసింది నేను. మీరు రాసిందంతా నిజమే, ఒక్క మెట్టు కూడా దాచలేదు. అననీయ అన్నది మీరే అయినా, అనిపించింది నేను. క్షమించండి. నేను కొట్టేసినందుకే మనం ఈ సంగతి మార్చిలోనే కనిపెట్టలేకపోయాం. కనిపెట్టి ఉంటే ఏప్రిల్లో ఆమె నారు బతికేది.

పాట ఎంతసేపో కొలిచి రాయండి. తెలుగులో ఒక కాగితం తయారుచేసి పంపుతున్నాను, ఆ గడి ఖాళీగా ఉంచాను. కావలివాడిని ఎన్నడూ కట్టని మనిషి చేత చేయించండి. నియమం ఒకటే. ఆ మనిషి చేస్తున్నంతసేపూ మీరు అక్కడే ఉండి చూడాలి, కానీ మాట్లాడకూడదు. సైగ చేయకూడదు. దగ్గకూడదు. మీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, నవ్వుతూనే రాస్తున్నాను.

వైఫల్యాలు అని వ్యాసంలో ఒక భాగం ఉంటుంది. మాలకొండమ్మ గారి నారు సంగతి అక్కడ రాయాలా వద్దా, మీరే చెప్పండి. రాస్తే పరీక్షకులు తిప్పికొట్టవచ్చు.

మీ మెర్లిన్


ఇందుకూరుపేట,
25 మే 2025

మెర్లిన్‌కు,

గొంతు తిరిగి వచ్చింది. గడియారం పెట్టుకుని పాడాను. ఇంట్లో ఒంటరిగా అయితే పదకొండు నిమిషాలు. సంఘంలో జనం ముందు అయితే పద్నాలుగు. జనం ఉంటే నేను సాగదీస్తానని అరవై ఏళ్ళకు తెలిసింది. పన్నెండు అని రాసి గడి నింపాను.

ఆదివారం వాక్యం అయ్యాక నిలబడి చెప్పాను. కావలివాడు నా పాటవల్ల పనిచేయలేదు, పన్నెండు నిమిషాలు ఆగడంవల్ల పనిచేసింది, మేనకోడలి గురించి నేను చెప్పింది తప్పు అని. తర్వాత వెనక నుంచి రెబెక్కమ్మ లేచి, "మరి ఇన్నేళ్ళూ నీ షాపు ముందర మమ్మల్నందర్నీ ఎండలో నిలబెట్టి కోరస్ పాడించినావే!" అన్నది. బెన్హర్ మొహం చూడాలి, క్రిస్మస్ వచ్చినట్టు వెలిగిపోయింది. వెలగనీ.

తర్వాత మాలకొండమ్మ దగ్గరికి పోయాను. ఇంకోటి కట్టిస్తానన్నాను.

"నువ్వు కట్టింది నాకొద్దు."

"అక్కా, తప్పు తెలిసింది. ఈసారి..."

"తెలిస్తే కాయితం మీద ఉండాది గదా? ఆ కాయితం ఇటియ్యి. మా బిందు చదవతది, నేను కడతా."

బిందు ఆమె కోడలు. నీ నియమం చెప్పాను, నేను మాట్లాడకూడదని. "ఎంతసేపు?" అన్నది. అయ్యేదాకా అన్నాను. "రాయించినదెవురో పుణ్యాత్మురాలు" అన్నది.

వాళ్ళ వసారాలో కూర్చున్నాను. బిందు చదువుతోంది, ఆమె కడుతోంది. స్కేలు పెట్టి ఎడం కొలిచింది. జిగురు రెండు ట్యూబులూ సమంగా కలపాలని కాగితంలో ఉంది, ఆమె ఒకటి ఎక్కువ పిండింది. నా నాలుక పళ్ళ మధ్య పెట్టుకున్నాను. జెకర్యా దేవాలయంలో మూగవాడయ్యాక తొమ్మిది నెలలు ఎలా గడిపాడో! జిగురు గట్టిపడలేదు. "మళ్ళా చదువు" అన్నది. బిందు మళ్ళీ చదివింది. జిగురు గీకేసి మళ్ళీ కలిపింది. నేను లేకుండానే తప్పు దిద్దుకుంది.

కడ్డీలు ముంచాక బిందు ఫోనులో పన్నెండు నిమిషాలు పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. పాట లేదు, మాట లేదు. నా జీవితంలో అంత పొడుగు పన్నెండు నిమిషాలు చూడలేదు. మాలకొండమ్మ నన్నే చూస్తూ, "నోరు మూసుకుంటే మనిషి బాగానే ఉంటాడే" అన్నది కోడలితో.

మర తిప్పింది. కాలువకు పట్టుకుపోయి గుంజకు కట్టింది. లైటు వెంటనే చూడలేదు, అక్కడా పన్నెండు నిమిషాలు ఆగింది. అది కాగితంలో లేదు మెర్లిన్, ఆమె సొంత తెలివి. రాసుకో. ఎర్రలైటు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉమ్మేసింది. మడవ తీయలేదు. మళ్ళీ పోసిన నారు మడిలో పచ్చగా ఉంది, కాలువకు మంచినీళ్ళు వచ్చేదాకా పక్కవాళ్ళ బోరు నీళ్ళు అడిగి పెట్టుకుంటానంది. పోతూ పోతూ, "ఇంత చిన్న పనికా పాస్టరయ్యా, ఇన్నాళ్ళు అంత పెద్ద గొంతు చేసినావు?" అన్నది.

నారు మాడిన సంగతి అచ్చులో రావాలి. పన్నెండు సెంట్లు, ఏప్రిల్ నెల, కట్టినవాడు హెబ్రోను, ఆగాల్సినంత ఆగలేదు. ఇలాగే రాయి, మెత్తగా చేయకు. దావీదు చేసిన పాపాన్ని రాయకుండా వదిలిపెట్టి ఉంటే ఆయన్ని నేను నమ్మేవాణ్ణి కాను. తిప్పికొడితే కొట్టనీ.

హెబ్రోను


తిరుచ్చి,
20 జూన్ 2025

మామయ్యకు,

తిప్పికొట్టలేదు. వైఫల్యాల భాగం చదివాకే మిగతాదంతా నమ్మానని రెండో పరీక్షకుడు రాశాడు. ప్రత్యూష కొత్త కాగితంతో రెండు చేసింది, రెండూ సరిగ్గా పనిచేశాయి. స్వతంత్రంగా నిర్మించినవారు అన్నచోట మాలకొండమ్మ, బిందు అని వేశాం. పాట సంగతి అడుగున ఒక చిన్న గమనికగా పెట్టాను. ఆరు చరణాలు, రచన హెబ్రోను.

దేవునికి వందనం మొదట లేదు. చివర ఉంది. ఇంతకంటే బేరమాడకండి.

మీ మెర్లిన్


ఇందుకూరుపేట,
13 జూలై 2025

మెర్లిన్‌కు,

నీ పత్రికకు నా అభినందనలు. నెలన్నరగా నా గుమ్మం ఎక్కినవాడు లేడు. మాలకొండమ్మ ఆ కాగితం నాకు తిరిగివ్వలేదు, జిరాక్సులు తీయించి పంచుతోందట. ఎక్కడ చూసినా కావలివాళ్ళు. నేను వైండింగ్ కట్టుకుంటున్నాను.

పోయిన గురువారం కృష్ణపట్నం దారిలో ఒక పల్లెకు ప్రార్థనకు పోయాను. బస్సు దిగి నడుస్తుంటే కాలువ దగ్గర గుంజకు ఒక పెట్టె కనిపించింది. సైకిల్ స్పోకులకు బదులు గొడుగు పుల్లలు పెట్టారు. నాకు మండింది. వంగి చూస్తున్నాను. పొలంలోనుంచి ఒకాయన వచ్చాడు. హజరత్తయ్య అట, నేనెన్నడూ చూడలేదు, ఆయన నన్ను చూడలేదు.

"ఏంది పెద్దాయనా, చూస్తా ఉండావు? ఉప్పు చెప్పేది అది. నీకూ పొలం ఉందా?"

లేదన్నాను.

"లేకపోతేనేం, తెలిసినోళ్ళకు చెప్పు. ఎవురైనా కట్టుకోవచ్చు, కష్టమేం గాదు. ఒకటే గుర్తు పెట్టుకో. ముంచినంక తొందరపడబాకు. పన్నెండు నిమిషాలు. శానామంది ఆడనే చెడగొడతారంట."

ఆయన మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఎడం ఎంత, ఉప్పు ఎంత, జిగురు ఎలా కలపాలి. గొడుగు పుల్లలు తుప్పు పట్టవా అని అడగబోయాను. అడగలేదు. లైటు ఎర్రగా ఉంది, మడవ మూసి ఉంది. అక్కడ నా పని ఏమీ లేదు. నిలబడి విన్నాను.

వచ్చేటప్పుడు జేబులోనుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు, "ఉంచుకో పెద్దాయనా, నా దగ్గర ఇంకా ఉండాయి" అని. జతచేశాను, చూడు. జిరాక్సు మీద జిరాక్సు తీసి మసకబారింది. అడుగున నువ్వు వేసిన నా పేరు అంచుతో పాటు తెగిపోయింది. లైసెన్సు ప్రకారం అది తప్పేనని తెలుసు.

ఫిర్యాదు చేయబాకు.

నీ మామయ్య